సొన అంటిన చేతికి సొమ్ము



హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు వెళ్లే రోడ్డు మీద మామిడి రోజుల్లో బండి ఆపకుండా వెళ్లేవాళ్లు తక్కువ. తాటాకు పందిరి, దాని కింద వరిగడ్డి పరిచి పేర్చిన బంగినపల్లి కాయలు, బుట్టల్లో చిన్న రసాలు, పెద్ద రసాలు, పక్కన ఓ కాటా. ఇవన్నీ ఎప్పటినుంచో చూస్తున్నవే. కొత్తగా చేరిందల్లా పందిరి గుంజకు పురికొసతో కట్టిన అట్టముక్క. దాని మీద నలుపు తెలుపు గళ్ల ముద్ర ఉంటుంది. అందరూ స్కానర్ అంటున్నది దాన్నే. కాటా పక్కన అరచేతిలో ఇమిడే స్పీకరు డబ్బా ఒకటి పెట్టుకుంటారు. కొన్నాయన ఫోను అటు చూపించి "కొట్టానమ్మా, పడ్డాయా?" అని అడిగేలోపే ఎన్ని రూపాయలు వచ్చాయో ఆ డబ్బా తెలుగులో చెప్పేస్తుంది. 2024 నుంచి ఫోన్‌పే డబ్బాల్లో మహేశ్‌బాబు గొంతు కూడా పెట్టుకోవచ్చు. పండ్లమ్మే పందిరి కింద సినిమా హీరో గొంతుతో జమ లెక్క వినపడుతుందని పదేళ్ల కింద ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేవాళ్లం కాదు.

ఆ డబ్బా వల్ల అమ్మకందారుకు కలిగిన మేలు చిన్నది కాదు. మామిడి తొడిమ తెగితే కారే సొన ఎంత జిగురో, ఎంత ఘాటో తోటల్లో పనిచేసే వాళ్లకు తెలుసు. ఆ చేత్తో నోటు పట్టుకుంటే నోటు అంటుకుంటుంది, ఫోను పట్టుకుంటే అద్దం మరకపడుతుంది. ఇప్పుడు కాయలమ్మే ఆమె దేన్నీ ముట్టుకోనక్కర్లేదు. చదువు రాకపోయినా చెవితో విని తెలుసుకుంటుంది. దొంగ స్క్రీన్‌షాట్ చూపించి కాయలు పట్టుకెళ్లే వాళ్ల బెడద కూడా ఆ డబ్బాతోనే తగ్గింది. అది పలకలేదంటే డబ్బు పడలేదన్నమాటే. ఇక చిల్లర గొడవ సంగతి చెప్పనవసరం లేదు. డజను కాయలకు ఐదు వందల నోటు చాపితే, పక్క పందిరికీ ఎదురు కిళ్లీకొట్టుకీ పరుగులు పెట్టిన రోజులు అందరికీ గుర్తే.

అయితే ఈవేళ ఆ పందిరి దగ్గర ఆగిపోదలుచుకోలేదు. దాని వెనక తోట ఉంది. తోటలో కోత కూలీలు, కావలివాళ్లు ఉన్నారు. తోటను గుత్తకు తీసుకున్న వ్యాపారి, నున్న మార్కెట్లో కాటా వేసే కమీషన్ వ్యాపారి, వాళ్ల వెనక ఢిల్లీలోనో ముంబయిలోనో లారీ కోసం ఎదురుచూసే కొనుగోలుదారు ఉన్నారు. రోడ్డు మీద మూడు వందల రూపాయలు రెండు క్షణాల్లో చేతులు మారుతున్నాయి. తోట మీద మూడు లక్షలు చేతులు మారడానికి ఇప్పటికీ నెలలు పడుతోంది, చాలాచోట్ల దానికి కాగితం కూడా ఉండటం లేదు. ఫోను చెల్లింపులు వచ్చాక మామిడి రైతుకు ఏం ఒరిగిందో అక్కడే చూడాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డబ్బు నోటు రూపంలో వచ్చిందా, ఫోనులో పడిందా అన్నది రైతుకూ కూలీకీ రెండో విషయం. ఇచ్చిన దానికీ పుచ్చుకున్న దానికీ రుజువు ఎవరి దగ్గర ఉందన్నదే మొదటి విషయం.

ఈ ఫోను చెల్లింపులు నడిచే యూపీఐ అనే ఏర్పాటును 2016 ఏప్రిల్ 11న ముంబయిలో అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు రఘురామ్ రాజన్ ప్రారంభించారు. మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 14న, వ్యవసాయ మార్కెట్లను ఒక్క తాటి మీదికి తెచ్చే ఈ-నామ్ మొదలైంది. వేలం కంప్యూటరులో జరగాలి, రైతు డబ్బు నేరుగా రైతు ఖాతాలో పడాలి అన్నది దాని ఉద్దేశం. ఆ వారం మన తోటల్లో కోతలు జోరుగా సాగుతున్న వారం. రెండూ ఒకేసారి బయల్దేరాయి. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే దేశంలో యూపీఐ మీద 2,000 కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. టీకొట్టు, కూరల బండి, ఆటో, గుడి హుండీ దాకా అది వెళ్లిపోయింది. మామిడి తోట బేరం మాత్రం ఇంకా నోటిమాట మీదే నడుస్తోంది.

తోట బేరం ఎలా జరుగుతుందో పట్నంలో ఉన్న శ్రోతల కోసం కాస్త వివరంగా చెబుతాను. చాలామంది రైతులు కాయ తామే కోసి అమ్ముకోరు. తోటను గుత్తకు ఇస్తారు. కొందరు పూత రాకముందే ఇస్తారు, కొందరు పూత చూసి, కొందరు పిందె నిలిచాక, ధైర్యమున్నవాళ్లు కాయ ముదిరాక. ఎంత ముందు ఇస్తే అంత తక్కువ ధర. ఎంత ఆగితే గాలివానకు, మంచుకు, తేనెమంచు పురుగుకు అంత భయం. వ్యాపారి తోటంతా తిరిగి, చెట్లు చూసి, ఒక మొత్తం చెబుతాడు. బేరం కుదిరితే అడ్వాన్సు కొంత చేతికిస్తాడు. మిగతాది వాయిదాల్లో, ఆఖరి వాయిదా కోతలయ్యాక. ఇదంతా ఎక్కడ రాసుంటుందంటే, ఉంటే ఒక తెల్లకాగితం మీద. లేకపోతే ఇద్దరి మధ్యా ఉన్న పెద్దమనిషి జ్ఞాపకంలో.

కాపు బాగుండి ధర పలికిన ఏడు ఈ పద్ధతితో ఎవరికీ చిక్కు లేదు. గాలివాన వచ్చి కాయ రాలిన ఏడాది, లేదా ఉత్తరాది మార్కెట్లో ధర పడిపోయిన ఏడాది వస్తుంది చిక్కు. "మొదటి వాయిదా ఇచ్చాను కదా, ఇక తగ్గించుకో" అంటాడు వ్యాపారి. "ఇచ్చింది అంత కాదు, ఇంతే" అంటాడు రైతు. ఎవరి మాట నిజమో తేల్చే కాగితం ఉండదు. కొందరు వ్యాపారులు ఏకంగా ఐపీ పెట్టేస్తారు. కోర్టులో దివాలా పిటిషను వేసినట్టు నోటీసు వచ్చిన రోజున, ఆ వ్యాపారి తనకు బాకీ ఉన్నాడని నిరూపించడానికి రైతు దగ్గర ఏముంటుంది? బ్యాంకు ద్వారా వచ్చిన ఒక్క వాయిదా ఉన్నా, ఫలానా తేదీన ఫలానా వ్యక్తి ఇంత పంపాడని ఒక సాక్ష్యం మిగులుతుంది. ఆ బేరం అసలు జరగనే లేదని ఎవరూ అనలేరు. రొక్కంగా పుచ్చుకున్న దానికి ఆ దన్ను లేదు.

రొక్కం మీద ఇంత ఆధారపడిన చోట రొక్కం ఆగిపోతే ఏమవుతుందో 2016లో చూశాం. నవంబరు 8 రాత్రి ఐదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. దేశంలో చలామణీలో ఉన్న నోట్ల విలువలో 86 శాతం ఆ రెండు నోట్లదే. మామిడికి అది పూతకు ముందు కాలం. తోటకు మందులు కొట్టాల్సిన సమయం, గుత్త బేరాలు కుదిరి అడ్వాన్సులు చేతులు మారే సమయం. నవంబరు మధ్యలో ప్రభుత్వం కొంత సడలింపు ఇచ్చింది. పంటరుణం ఉన్న రైతు వారానికి 25,000, మార్కెట్ యార్డులో నమోదైన వ్యాపారి వారానికి 50,000 తీసుకోవచ్చన్నారు. తోట ఒకటికి లక్షల్లో అడ్వాన్సు ఇచ్చే వ్యాపారికి వారానికి యాభై వేలు ఏ మూలకు? అడ్వాన్సు ఆగితే రైతు మందు కొట్టలేడు. మందు కొట్టకపోతే పూత నిలవదు. నోటు కొరత చెట్టు దాకా వెళ్లింది.

ఆ నవంబరు చివర్లో డిజిటల్ చెల్లింపుల మీద ముఖ్యమంత్రుల కమిటీ వేసి, దానికి సారథ్యం అప్పటి మన ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుకే అప్పగించారు. డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఏపీ పర్స్ అనే యాప్ తెచ్చింది. 2017 జనవరిలో కమిటీ ఇచ్చిన మధ్యంతర నివేదికలో రెండు సిఫారసులు మన కథకు సంబంధించినవి. చిన్న వ్యాపారులు స్మార్ట్‌ఫోను కొనుక్కోవడానికి వెయ్యి రూపాయలు సాయం చేయాలన్నది ఒకటి. బ్యాంకు నుంచి యాభై వేలు, అంతకుమించి నగదు తీస్తే పన్ను వేయాలన్నది రెండోది. ఆ రెండోది ఆ రూపంలో అమలు కాలేదు, కాకపోవడమే మంచిదైంది. తర్వాత 2019లో ఏడాదికి కోటి దాటి నగదు తీసేవాళ్లకు రెండు శాతం పన్ను కోత పెట్టినప్పుడు కూడా, రైతులకు డబ్బు చెల్లించే మార్కెట్ కమీషన్ వ్యాపారులను మినహాయించారు. రైతుకు రొక్కం ఇవ్వాల్సి వస్తుందని చట్టమే ఒప్పుకుందన్నమాట.

నోట్ల రద్దు దెబ్బ తర్వాత నోటు తగ్గిపోయిందా అంటే, లేదు. 2016 నవంబరులో దేశంలో దాదాపు 18 లక్షల కోట్ల రూపాయల నగదు చలామణీలో ఉంటే, 2024 మార్చి నాటికి అది దాదాపు 35 లక్షల కోట్లు. ఫోను చెల్లింపులు పెరిగాయి, నోట్లూ పెరిగాయి. 2018 ఏప్రిల్‌లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏటీఎంలు ఖాళీ అయినప్పుడు మళ్లీ మామిడి కోతల మధ్యలో ఇరుక్కున్నాం. 2023 మే 19న రెండు వేల నోటు వెనక్కి తీసుకుంటున్నామని రిజర్వు బ్యాంకు ప్రకటించింది. అదీ రసాలు పక్వానికొచ్చే వారమే. జనం ఆ నోట్లు వదిలించుకోవడానికి మామిడిపండ్లు కొంటున్నారని ముంబయి నుంచి వార్తలు వచ్చాయి. రొక్కం మీద ఏ మార్పు వచ్చినా ఎందుకో అది మామిడి కాలానికే తగులుతోంది.

రైతులు తప్పకుండా తెలుసుకోవాల్సిన నియమం ఒకటుంది. వ్యాపారి మామూలుగా ఒకరికి ఒక రోజులో పది వేలు మించి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చును ఒప్పుకోరు. పండించిన రైతుకే పంట ధర ఇస్తే దానికి మినహాయింపు ఉంది. అంతవరకు బాగానే ఉంది. 2017 ఏప్రిల్ నుంచి ఇంకో నియమం వచ్చింది. ఒకే బేరానికి సంబంధించి రెండు లక్షలు, అంతకు మించి నగదుగా పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే అంత మొత్తం జరిమానా పడొచ్చు. జరిమానా పడేది ఇచ్చినవాడికి కాదు, పుచ్చుకున్నవాడికి. మూడు వాయిదాలుగా పుచ్చుకున్నా బేరం ఒకటే కాబట్టి ఒకటిగానే లెక్కిస్తారు. ఈ సంగతి గుత్త మాట్లాడేటప్పుడు ఎంతమందికి గుర్తుంటుంది? రెండు లక్షల దగ్గర నోటుకు హద్దు పెట్టారు. బ్యాంకుల్లో పెద్ద మొత్తాలు నేరుగా ఖాతాకు పంపే ఆర్టీజీఎస్ పద్ధతి సరిగ్గా రెండు లక్షల దగ్గరే మొదలవుతుంది. 2020 డిసెంబరు నుంచి అది రాత్రీ పగలూ పనిచేస్తోంది. తెల్లవారుజామున లారీ కదిలే మామిడి వ్యాపారానికి అంతకన్నా ఏం కావాలి? యూపీఐకి మామూలుగా రోజుకు లక్ష రూపాయల పరిమితి ఉంది కాబట్టి పెద్ద వాయిదాలకు ఆర్టీజీఎస్, చిన్నవాటికి ఫోను వాడుకోవచ్చు.

2024 ఎన్నికలప్పుడు రుజువు విలువ ఇంకో రకంగా తెలిసింది. మార్చి 16న కోడ్ అమల్లోకి వచ్చింది, మన రాష్ట్రంలో పోలింగ్ మే 13న జరిగింది. మామిడి కోతల కాలంలో ఎక్కువ భాగం అందులోనే గడిచింది. ఆధారం లేకుండా యాభై వేలకు మించి నగదు ఉంటే చెక్‌పోస్టులో ఆపేస్తారు. కాయ అమ్ముకుని వస్తున్న రైతు జేబులో తక్‌పట్టీ ఉంటే చూపించి ఇంటికి పోవచ్చు. తక్‌పట్టీ అంటే ఎన్ని కిలోలు తూగాయి, ధరెంత, కమీషను, హమాలీ, తరుగు ఎంత పోయింది, చేతికెంత వచ్చింది అని కమీషన్ వ్యాపారి రాసిచ్చే పట్టీ. అది లేకుండా, తెల్లచీటీ మీద ఒక అంకె గీకించుకుని వచ్చినవాడు తన సొంత డబ్బు కోసం అధికారుల చుట్టూ తిరగాల్సిందే. కమీషన్ వ్యాపారి దగ్గర పక్కా తక్‌పట్టీ అడగడానికి మొహమాటపడే రైతులకు నేను చెప్పేది ఇదే: అది మీ హక్కు. తరుగు పేరుతో టన్నుకు ఎన్ని కిలోలు తీసేశారో ఆ కాగితం మీదే కనపడాలి.

ఇప్పుడు కూలీల సంగతికి వస్తాను. నాకు అన్నిటికన్నా మనసు లాగేది ఇక్కడే.

కోతల రోజుల్లో సాయంత్రం తోటలో కూలి పంచే దృశ్యం చూడండి. చిక్కం కట్టిన గెడలు చెట్టుకు ఆనించి పెట్టారు. మగవాళ్లు కాయను ముచ్చికతో సహా దించితే ఆడవాళ్లు ముచ్చిక తుంచి, కాయ బోర్లించి, సొన కారనిచ్చి, ఏరి, ట్రేలలో పేర్చారు. సొన పడ్డ చోట చేతుల మీద చర్మం కమిలి నల్ల మచ్చలు కట్టి ఉంటుంది. మేస్త్రీ చెట్టు కింద ఫోను పట్టుకుని కూర్చున్నాడు. పేరు పిలవడం, నంబరు అడగడం, కొట్టడం. సిగ్నల్ లేక చక్రం తిరుగుతూ ఉంటే లేచి గట్టు మీదికి వెళ్లి మళ్లీ కొడతాడు. వయసులో ఉన్న పిల్లలు వెంటనే తమ ఫోను తీసి చూసుకుంటారు. నడివయసు ఆడవాళ్ల వంతు వచ్చేసరికి మాట మారుతుంది. ఒకామె కొడుకు నంబరు చెబుతుంది. ఇంకొకామె మొగుడి నంబరు చెప్పబోయి ఆగిపోతుంది. "ఫోనుకు కొట్టొద్దు మేస్త్రీ, చేతికివ్వు" అంటుంది. "చేతికివ్వడానికి నా దగ్గర నోట్లెక్కడివమ్మా, నాకూ వ్యాపారి ఫోనులోనే వేశాడు" అంటాడతను. ఇద్దరిదీ నిజమే. ఆ పూట ఆమె కూలి మొగుడి ఫోనుకే వెళుతుంది.

ఆమె ఎందుకు ఆగిందో మన రాష్ట్రంలో ఎవరికీ వివరించనక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు ఆ కోపం వెనక ఉన్నది ఇదే, ఇంటికి చేరని కూలి. ఆ ఉద్యమం వల్లే 1993లో సారా నిషేధం వచ్చింది. డ్వాక్రా సంఘాల వల్ల లక్షలాది ఆడవాళ్లకు తమ పేరు మీద పాసుపుస్తకం వచ్చింది. ఇంత దూరం వచ్చాక, ఫోను ఎవరి చేతిలో ఉంటే డబ్బు వాళ్లదే అన్న స్థితి మళ్లీ రావడానికి వీల్లేదు. కూలి ఖాతాకు వేస్తే అది ఆమె ఖాతాకే వేయాలి. ఆమె నోటు అడిగితే నోటే ఇవ్వాలి. రిజర్వు బ్యాంకు వేసిన నోటు దేశమంతటా చెల్లుబాటయ్యే ద్రవ్యం, దాన్ని అడగడం వెనకబాటుతనం కాదు.

ఖాతా ఉన్నా కొందరికి ఇంకో అడ్డు ఉంది, వేలిముద్ర. ఊళ్లో బ్యాంకు తరఫున యంత్రం పట్టుకుని తిరిగే వాళ్ల దగ్గర ఆధార్ మీద వేలు పెడితేనే డబ్బు చేతికొస్తుంది. గెడ పట్టీ పట్టీ, సొన తిని తినీ అరిగిపోయిన వేళ్ల ముద్ర ఆ అద్దం మీద పడదు. ఒక వేలు, ఇంకో వేలు, చీరకొంగుతో తుడిచి మళ్లీ బొటనవేలు. చివరికి "రేపు రా అమ్మా" అంటారు. ఒళ్లు దాచుకోకుండా పనిచేసిన మనిషికే యంత్రం దగ్గర గుర్తింపు లేకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. వేలు పడకపోతే కంటిపాపతోనో, ఫోనుకు వచ్చే నంబరుతోనో ఇచ్చే ఏర్పాటు ప్రతి ఊళ్లోనూ ఉండాలి.

ఎలక్ట్రానిక్ చెల్లింపు పేదవాడికి పడదని మాత్రం నేను అనను. దానికి మంచి రుజువు మన దగ్గరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలికీ పింఛన్లకూ వేలిముద్రల స్మార్ట్‌కార్డులు తెచ్చినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 8 జిల్లాల్లో, 157 మండలాల్లో, దాదాపు 1.9 కోట్ల మంది ఉన్న ప్రాంతంలో దాని ఫలితం కొలిచారు. కార్డు వచ్చిన చోట కూలి త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యే డబ్బు తగ్గింది, తీసుకున్నవాళ్లలో అత్యధికులు కొత్త పద్ధతే బాగుందన్నారు. ఆ పద్ధతిలో గమనించాల్సింది ఏమంటే, లెక్క యంత్రంలో నడిచింది, డబ్బు మాత్రం ఊళ్లోనే, నోట్ల రూపంలో, మనిషి చేతికి అందింది. లెక్క అటూ రొక్కం ఇటూ కలిసి నడిచాయి.

దీనికి ఎదురుగా 2024 మే నెల ఉంది. అంతకుముందు వృద్ధుల పింఛను ఒకటో తారీఖున ఇంటికే వచ్చి చేతికిచ్చేవాళ్లు. ఎన్నికల నియమాల వల్ల ఆ నెల చాలామందికి బ్యాంకు ఖాతాలో వేశారు. ఎండ నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో నడవలేని ముసలివాళ్లు బ్యాంకుల ముందు వరసకట్టారు. ఖాతా ఎక్కడుందో తెలియనివాళ్లు, ఏళ్ల తరబడి వాడక ఖాతా మూతపడినవాళ్లు, ఆంధ్రా బ్యాంకు పాసుపుస్తకం పట్టుకొచ్చి, ఆ బ్యాంకు 2020లోనే యూనియన్ బ్యాంకులో కలిసిందని అక్కడే తెలుసుకున్నవాళ్లు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో పెట్టిన బ్యాంకు అది, ఈ జిల్లాల ముసలివాళ్లకు బ్యాంకంటే అదే. జులై 1న మళ్లీ ఇంటికే తెచ్చి, పాత బకాయితో కలిపి ఏడు వేలు చేతిలో పెట్టారు. మంచం దిగలేని మనిషికి ఖాతాలో పడ్డ పింఛనుకూ, చేతిలో పెట్టిన పింఛనుకూ ఎంత తేడా ఉందో ఆ రెండు నెలలు చూపించాయి.

మళ్లీ రోడ్డు మీది పందిరి అక్కల దగ్గరికి వస్తాను, వాళ్లలో ఒక భయం పెరుగుతోంది కాబట్టి. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి వేలాది చిరు వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపారు. బెంగళూరులో కొట్ల ముందు స్కానర్లు తీసేసి "నగదు మాత్రమే" అని బోర్డులు పెట్టారు. ఆ వార్త ఇక్కడిదాకా వచ్చి, ఫోనులో ఎక్కువ డబ్బు పడితే పన్ను వేస్తారట అన్న మాటగా మిగిలింది. తాజా మామిడిపండుకు జీఎస్టీ లేదు. కేవలం తాజా పండ్లే అమ్ముకునేవాళ్లు ఎంత అమ్మినా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి, పక్కవాళ్లకూ చెప్పండి. అయితే మామిడి తాండ్రకూ, పచ్చడికీ ఈ మినహాయింపు లేదు. రెండూ కలిపి అమ్మేవాళ్లు లెక్క విడిగా రాసుకుంటే మంచిది.

ఇంకో భయం ఖాతా ఆగిపోవడం. ఎక్కడో ఎవరినో మోసం చేసిన డబ్బు చేతులు మారి మారి ఒక చిన్న కొట్టు ఖాతాలో పడుతుంది. పోలీసు ఫిర్యాదు వచ్చాక ఖాతా మొత్తం ఆపేస్తారు. కేరళలో ఇలా ఎందరో చిరు వ్యాపారుల ఖాతాలు ఆగితే, అనుమానం ఉన్న మొత్తం వరకే ఆపాలి తప్ప ఖాతా అంతా కాదని 2023లో అక్కడి హైకోర్టు చెప్పింది. కాయలు అమ్మి ఆ సాయంత్రానికే కూలి ఇవ్వాల్సిన మనిషికి ఖాతా వారం ఆగితే సీజనే పోతుంది. అందుకే సంపాదనంతా ఒకే ఖాతాలో ఉంచకండి. కొంత రొక్కం దగ్గర పెట్టుకోండి. 2025లో మార్చి 26న, ఏప్రిల్ 12న యూపీఐ దేశమంతా గంటల తరబడి మొరాయించింది. ఆ రోజుల్లో కూడా కాయ మాగడం ఆగదు కదా. ఎవరైనా "మీకు డబ్బు పంపుతున్నాను, పిన్ కొట్టండి" అంటే అది మోసమే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

స్మార్ట్‌ఫోను లేదని బాధపడే వాళ్లకు ఒక మాట. మామూలు బటన్ ఫోనుతో కూడా యూపీఐ వాడుకునే వీలు ఉంది. తోటల్లో ఉన్న చాలామంది కావలివాళ్ల దగ్గర ఉన్నది ఆ ఫోనే. ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

చలికాలం వస్తే మళ్లీ గుత్త బేరాలు మొదలవుతాయి. ఈసారి బేరం కుదిరాక రైతు సోదరులు, తోటలున్న అక్కచెల్లెళ్లు ఒక పని చేయండి. ఫోనులో డబ్బు పంపేటప్పుడు అంకె కింద ఒక చిన్న గడి ఉంటుంది, ఎందుకు పంపుతున్నామో రాసుకునేందుకు. దాన్ని మనలో ఎవరూ వాడరు. మీ వ్యాపారిని ఆ గడిలో "ఫలానా సర్వే నంబరు తోట గుత్త, మొదటి వాయిదా" అని రాసి పంపమనండి.  పెద్ద మొత్తమైతే ఆర్టీజీఎస్ ఫారం మీద అదే మాట రాయించండి. రొక్కమే ఇస్తానంటే రెండు లక్షల లోపే పుచ్చుకుని, మొత్తం, తేదీ, సంతకంతో రశీదు రెండు ప్రతులు రాసుకుని, ఆ రోజే మీ ఖాతాలో కట్టేయండి. మేస్త్రీలకూ ఒక మనవి. కోతలు మొదలవకముందే, ఎవరికి ఏ ఖాతా, ఎవరికి రొక్కం అన్నది కూలీలను ఒక్కొక్కరినే విడిగా అడిగి రాసిపెట్టుకోండి, రొక్కం అడిగినవాళ్ల కోసం ముందుగానే బ్యాంకు నుంచి నోట్లు తెచ్చి ఉంచండి. కూలికొచ్చే ఆమె పేరున ఖాతా లేకపోతే ఊళ్లోని డ్వాక్రా సంఘం లీడరుతో మాట్లాడితే ఆ పని జరిగిపోతుంది.